కురుసుర పక్కన మన ఓడలకీ ఒక షెడ్డు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓడల తయారీ గురించి ఈమధ్య పేపర్లో వరసగా వస్తున్న వార్తలు ఒక్కటి కూడా వదలకుండా చదువుతున్నాను. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ షిప్‌బిల్డింగ్‌కి 69,725 కోట్ల ప్యాకేజీకి ఒప్పుకుంది, దుగరాజపట్నం దగ్గర షిప్‌బిల్డింగ్ క్లస్టర్ అంటున్నారు, మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో నేవీ కోసం 5 ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల (సముద్రంలో ఉన్న యుద్ధనౌకలకి ఇంధనం, సరుకులు అందించే ఓడల) పని నడుస్తోంది, ఒక్కోటీ 44,000 టన్నులు, మొత్తం కాంట్రాక్ట్ దగ్గర దగ్గర 19,000 కోట్లు. నిజంగా సంతోషించాల్సిన విషయాలే ఇవన్నీ. కానీ ఏ వార్త చూసినా ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న లెక్కలే ఉంటున్నాయి, ఓడ కట్టడం చేతికి వచ్చిన మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్ళకి తెలిసిన పని వెనకవాళ్ళకి ఎవరైనా అప్పజెబుతున్నారా అనే ప్రశ్న మాత్రం ఎవరూ అడగట్లేదు. అది అడగడానికీ, వాళ్ళ పని చూపించే హాలు ఒకటి మనూళ్ళో కావాలని చెప్పడానికీ ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను ఐటీఐ పిల్లలకి వెల్డింగ్ చెప్తానండి. మా నాన్నగారు సింధియా యార్డులో, అంటే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో, రివిట్ గ్యాంగ్‌లో (ఇనప ప్లేట్లని మేకుల్లాంటి రివిట్లతో బిగించే జట్టులో) చేరి తర్వాత వెల్డింగ్‌కి మారినాయన. మల్కాపురం, శ్రీహరిపురం, గాంధీగ్రామ్ వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి, తాత ప్లేటర్, తండ్రి ఫిట్టర్, కొడుకు ఇంకేదో సాఫ్ట్‌వేర్. ఆ తాతల్లో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళు కూడా 80 దాటేసినవాళ్ళే. వాళ్ళ దగ్గరున్న విషయం ఏ డ్రాయింగ్‌లోనూ లేదు, ఏ మాన్యువల్‌లోనూ లేదు, అదే నా బాధ.

మా ట్రైనీల్ని తీసుకుని బీచ్ రోడ్డుకి వెళ్తే కురుసుర సబ్‌మెరైన్ చూపిస్తాం. అది గొప్ప మ్యూజియం, అందులో రెండో మాట లేదు. 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరయ్యింది, 2002 ఆగస్టు నుంచి ఒడ్డు మీద జనం చూస్తున్నారు. 91 మీటర్ల పొడవు, లోపల ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరి వెళ్తుంటే 70 మందికి పైగా మనుషులు నెలల తరబడి ఇందులో ఎలా బతికారా అనిపిస్తది. పిల్లలకి అది బుర్రకెక్కడానికి కారణం ఇనుము కాదండి, అక్కడ గైడ్లుగా ఉన్న మాజీ నేవీ వాళ్ళు. ఇక్కడ వాల్వ్ తిప్పితే నీళ్ళు ఎలా వస్తాయి, ఇక్కడ టార్పెడో ఎలా ఎక్కిస్తాం అని, ఆ పని చేసిన మనిషి చెప్తుంటే ఎవరైనా కళ్ళప్పగించి వింటారు. దానికి ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం కూడా ఉంది, అదీ బాగుంటుంది, అదీ సోవియట్‌దే. మరి ఇదే ఊళ్ళో 1948 నుంచి 200కి పైగా ఓడలు కట్టారు కదా, ఓడ ఎలా కడతారో పిల్లాడు చేత్తో తాకి చూసే చోటు ఒక్కటి ఆ బీచ్ రోడ్డంతా వెతికినా దొరకదు.

కొత్త తరానికి ఈ కథ తెలీదు కాబట్టి కొంచెం చెప్తాను. వైజాగ్ పోర్టులోకి 1933 అక్టోబర్ 7న మొదట వచ్చిన ఓడ జలదుర్గ, అది సింధియా కంపెనీదే. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ లాంటి వాళ్ళు 1919లో పెట్టిన కంపెనీ అది, ఆ ఏడాది ఏప్రిల్ 5న వాళ్ళ లాయల్టీ అనే ఓడ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది, ఇప్పటికీ ఆ రోజునే మనం నేషనల్ మారిటైమ్ డే చేసుకుంటున్నాం. బ్రిటిష్ కంపెనీలు రేట్లు తగ్గించి మరీ వీళ్ళని తొక్కాలని చూసినా తట్టుకుని నిలబడ్డారు. ఓడలు కొనుక్కుంటే చాలదు మనమే కట్టాలి అని వాల్‌చంద్ పట్టుబట్టి చివరికి వైజాగ్‌లో స్థలం తీసుకుంటే, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి శంకుస్థాపన చేశారు. ఏడాది కూడా తిరక్కుండా 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. యార్డు పని కుంటుపడింది. యుద్ధం అయ్యాక మళ్ళీ మొదలెట్టి, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకే, 1948 మార్చి 14న 8,000 టన్నుల జల ఉషని నెహ్రూ గారి చేతుల మీదుగా నీళ్ళలోకి దింపారు. యార్డుని 1952లో ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు పెట్టింది గానీ మా వైపు ఆ జంక్షన్ ఇప్పటికీ సింధియానే.

1948 అన్న సంవత్సరం గుర్తుపెట్టుకోండి. కొరియాలో హ్యుందాయ్ వాళ్ళు ఉల్సాన్‌లో ఇసక తీరం మీద యార్డు మొదలెట్టింది 1972లో. వాళ్ళ ఓనరు చుంగ్ జూ-యుంగ్ అప్పు కోసం బ్రిటన్ వెళ్ళి, కొరియా 500 వాన్ నోటు మీదున్న తాబేలు ఓడ బొమ్మ చూపించి, మేము 1500ల్లోనే ఇనప కవచం ఓడలు కట్టినవాళ్ళం అని చెప్పాడని అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఒకపక్క యార్డు కడుతూ ఇంకోపక్క ఓడ కడుతూ 1974కల్లా మొదటి పెద్ద ఆయిల్ ట్యాంకర్ ఇచ్చేశారు. ఇప్పుడు ప్రపంచంలో కట్టే ఓడల్లో చైనా, కొరియా, జపాన్ మూడు దేశాలవే 90 శాతం పైన, మన వాటా 1 శాతం కూడా లేదు. మనకంటే పాతికేళ్ళు వెనక మొదలెట్టినవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారంటే ఉక్కు ధర, బ్యాంకు వడ్డీ, ప్రభుత్వం అండ ఇలా చాలా కారణాలున్నాయి, కాదనను. కానీ వాళ్ళు మొదట చేసిన పని ఏంటంటే తమ మనుషుల్ని స్కాట్లండ్‌లో స్కాట్ లిత్‌గో యార్డుకి పంపించి, అక్కడి పనివాళ్ళ పక్కన నిలబెట్టి పని నేర్పించారు. డ్రాయింగులు కొనుక్కున్నారు, వాటితో పాటు చేతి పని కూడా నేర్చుకొచ్చారు. మనకి ఆ చేతులు మన వీధిలోనే ఉన్నాయి, అయినా వెళ్ళి అడగట్లేదు.

చేతి పని అంటే ఏంటో కొంచెం వివరంగా చెప్పకపోతే నా మాట గాల్లో మాటలా ఉంటది. పాత రోజుల్లో రివిట్ గ్యాంగ్ అంటే నలుగురు. రివిట్‌ని కొలిమిలో ఎర్రగా కాల్చేవాడు ఒకడు, పటకారుతో విసిరితే డబ్బాలో పట్టి రంధ్రంలో పెట్టేవాడు ఒకడు, వెనకనుంచి బరువైన ఇనప దిమ్మతో అదిమిపట్టేవాడు ఒకడు, ముందునుంచి సుత్తితో తల కొట్టేవాడు ఒకడు. రివిట్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, ఆ బిగువుతోనే రెండు ప్లేట్లు కరుచుకుంటాయి. ఎంత కాలిస్తే చాలు అన్నది రంగు చూసే చెప్పాలి, తక్కువ కాలితే తల సరిగ్గా కూర్చోదు, ఎక్కువ కాలితే ఇనుము మాడిపోతుంది. తర్వాత ప్లేటు అంచుని ఉలితో కొట్టి నీరు దూరకుండా మూయాలి. ఒక్కో ఓడకి లక్షల రివిట్లు. ప్రపంచంలో ఎక్కడైనా సరే ఈ పని చేసినవాళ్ళకి వయసు మీద పడేసరికి చెవులు పోయేవి, ఆ చప్పుడు అలాంటిది.

తర్వాత వెల్డింగ్ వచ్చింది, ఓడ తేలికయ్యింది, పని స్పీడయ్యింది. కానీ వెల్డింగ్‌కి దాని గండాలు దానికున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు 2,700 పైచిలుకు లిబర్టీ ఓడల్ని వెల్డింగ్‌తోనే గబగబా కట్టారు, వాటిలో చాలావాటికి పగుళ్ళొచ్చాయి, కొన్ని రెండు ముక్కలైపోయాయి. అదే పద్ధతిలో కట్టిన షెనెక్టడీ అనే ట్యాంకర్ అయితే 1943 జనవరి 16న తుఫానూ లేదు యుద్ధమూ లేదు, పోర్ట్‌లాండ్‌లో జెట్టీ పక్కన ఊరికే కట్టేసి ఉండగానే ఫట్మని మధ్యకి విరిగిపోయింది. ముందు అందరూ వెల్డర్లనే తిట్టారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టాన్స్ టిప్పర్ అనే ఆవిడ పరీక్షలు చేసి అసలు సంగతి తేల్చింది, ఆ ఉక్కు చలికి పెళుసైపోతోంది. దానికి తోడు డెక్ మీద హ్యాచ్‌లకి (సరుకు దింపే ద్వారాలకి) నాలుగు మూలలు చతురస్రంగా కోసేసరికి ఒత్తిడంతా ఆ మూలల్లో పడేది. రివిట్ ఓడలో పగులు ఒక ప్లేటు చివరికి వచ్చి ఆగిపోతుంది, వెల్డింగ్ ఓడ మొత్తం ఒకే ముక్క కాబట్టి పగులుకి అడ్డం ఏదీ ఉండదు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి సాగిపోతుంది. ఇది నేను క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేస్తారు, నిజంగా. గుండ్రంగా కోసిన హ్యాచ్ మూల ఒకటీ, చతురస్రంగా కోసింది ఒకటీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంకెంత బాగా అర్థమవుద్దో ఆలోచించండి.

వెల్డింగ్ రాడ్ సంగతే తీసుకోండి. ఓడ ప్లేట్లకి వాడే లో-హైడ్రోజన్ రాడ్లు గాల్లో తేమ పీల్చుకుంటాయి, ఆ తేమలోంచి హైడ్రోజన్ వెల్డ్‌లోకి పోయి, వెల్డ్ చల్లారిన గంటలకి, ఒక్కోసారి మర్నాటికి, లోపల్లోపల పగులు తెస్తుంది. పైకి చూస్తే వెల్డ్ నున్నగా బ్రహ్మాండంగా ఉంటది. అందుకే రాడ్లని ఓవెన్లో కాల్చి వేడి తగ్గకుండా చిన్న పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాలి. మన వైజాగ్ ఉప్పుగాలిలో, వానాకాలంలో ఇది ఎంత ముఖ్యమో ఇక్కడ పనిచేసినవాళ్ళకి తెలిసినట్టు వేరేవాళ్ళకి తెలీదు. అలాగే ప్లేటు వెల్డ్ చేస్తే ముడుచుకుంటుంది, కాబట్టి ఏ జాయింట్ ముందు ఏది తర్వాత అన్న వరస తప్పితే ప్లేట్లు కలిపి చేసిన బ్లాకు మెలి తిరుగుతుంది. మధ్యలోంచి మొదలెట్టి బయటికి రావాలి, రెండు పక్కలా ఇద్దరు ఒకేసారి వెయ్యాలి. ఈ వరస కాగితం మీద ఉంటుంది, కానీ ప్లేటు ఎటు లాగుతోందో చూసి అక్కడికక్కడ సర్దుకోవడం మాత్రం అనుభవమే. ప్లేటుని గ్యాస్ టార్చ్‌తో గీతలు గీతలుగా వేడిచేసి వెనకే నీళ్ళు పోసి వంపు తెచ్చే పనైతే, ఇప్పటికీ కొరియా, జపాన్ యార్డుల్లో కూడా పెద్దగా మనుషుల చేతుల మీదే నడుస్తోంది, అంత కంప్యూటర్లున్నా.

ఇంక లాఫ్ట్ సంగతి. కంప్యూటర్ రాకముందు ఓడ ఒంపులన్నీ ఒక పెద్ద చెక్క నేల మీద అసలు సైజులో గీసేవాళ్ళు. సన్నటి పొడవాటి చెక్క బద్దని వంచి మేకుల మధ్య పెట్టి, నేల మీద పడుకుని ఒక కన్ను మూసి చూసి గీత సాఫీగా ఉందా లేదా చెప్పేవాళ్ళు. ఆ గీతల్ని బట్టి చెక్క టెంప్లేట్లు చేసి వాటి ప్రకారం ప్లేట్లు కోసేవాళ్ళు. ఓడని దింపే రోజైతే అదొక పరీక్ష. స్లిప్‌వే (ఓడని నీళ్ళలోకి జార్చే ఏటవాలు నేల) మీద కొవ్వూ గ్రీజూ రాస్తారు, ఓడ వెనక భాగం ముందు నీళ్ళలోకి జారుతుంది, కొంత దూరం వెళ్ళాక వెనకభాగం తేలడం మొదలవుతుంది కానీ ముందుభాగం ఇంకా నేల మీదే ఉంటుంది, ఆ క్షణాన బరువంతా ముందువైపు ఒక్క చోట పడుతుంది, అక్కడ పెట్టిన దుంగలు ఆగాలి. వెనకవైపు చాలినంత నీళ్ళు లేకపోతే ఓడ వెనక్కి ఒరిగిపోతుంది, అందుకే సముద్రం పోటు మీద ఉండే టైం చూసి వదుల్తారు. ఇన్ని వందల అడుగుల ఓడ, ఒకసారి కదిలిందంటే మధ్యలో ఆపడం ఉండదు. ఆ టెన్షన్ పడ్డ మనుషులు మనూళ్ళో ఇంకా కొందరున్నారు సార్.

సముద్రం లోపలి పని కూడా ఇక్కడిదే. 2025 జూలై 18న వైజాగ్‌లో నేవీలో చేరిన నిస్తార్ అనే డైవింగ్ ఓడని హిందుస్థాన్ షిప్‌యార్డే కట్టింది. 118 మీటర్ల పొడవు, 10,000 టన్నుల పైన. 120 చిన్న, మధ్యతరహా కంపెనీలు ఆ పనిలో పాలుపంచుకున్నాయి. దీని మీదనుంచి డైవర్లు 300 మీటర్ల లోతు దాకా దిగొచ్చు. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది, 300 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకి 30 కిలోల పైనే. అంత లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, అందుకని హీలియం, ఆక్సిజన్ కలిపి ఇస్తారు. డైవర్లు ఓడ మీద ఒత్తిడి నింపిన ఛాంబర్లోనే రోజుల తరబడి ఉండి, గంట ఆకారపు తొట్టిలో కిందకి వెళ్ళి పనిచేసి మళ్ళీ ఛాంబర్లోకే వస్తారు, పని అయ్యాక ఒత్తిడి మెల్లగా దించడానికి మళ్ళీ కొన్ని రోజులు పడుతుంది, తొందరపడితే ఒంట్లో గ్యాస్ బుడగలు కట్టి ప్రాణం పోతుంది. ఇలాంటి ఛాంబర్ ఉన్న ఓడ కట్టడం అంటే ఎంత పనితనమో ఆలోచించండి. సబ్‌మెరైన్‌లో చిక్కుకున్నవాళ్ళని పైకి తెచ్చే డీఎస్ఆర్‌వీకి కూడా ఇదే తల్లి ఓడ, ఆ డీఎస్ఆర్‌వీ 650 మీటర్ల దాకా వెళ్తుంది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగ్గాలా కనపడకుండా పోతే సాయానికి మన డీఎస్ఆర్‌వీ బయల్దేరింది ఈ వైజాగ్ నుంచే. అయ్యో, అది అప్పటికే 800 మీటర్ల కింద ముక్కలైపోయి ఉంది, 53 మందీ పోయారు.

నిస్తార్ అన్న పేరు కూడా పాతదే, సోవియట్ నుంచి వచ్చిన పాత నిస్తార్ 1971లో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ శిథిలాల మీద డైవింగ్ చేసిన ఓడ. ఆ గాజీ ఎలా మునిగిందన్న దాని మీద మనవాళ్ళది ఒక మాట, వాళ్ళది ఒక మాట, ఇక్కడ ఆ చర్చ నాకొద్దు. నేను చెప్పేది ఏంటంటే, పాత నిస్తార్ బయటినుంచి తెచ్చుకున్నాం, కొత్త నిస్తార్ మనూళ్ళో కట్టుకున్నాం, ఈ రెంటి మధ్య 50 ఏళ్ళలో ఏం నేర్చుకున్నామో చెప్పే చోటు ఒకటి ఉండాలి కదా.

నేర్చుకోవడం ఆగిపోతే ఎంత ఖర్చవుద్దో కూడా మనం చూశాం. సింధుకీర్తి సబ్‌మెరైన్ 2006లో ఇక్కడికి రిఫిట్‌కి (విప్పి బాగుచేసే పెద్ద మరమ్మతుకి) వచ్చి 2015లో గానీ బయటికి వెళ్ళలేదు, దాదాపు 9 ఏళ్ళు. పేపర్లన్నీ దుమ్మెత్తిపోశాయి. కానీ ఆ రకం సబ్‌మెరైన్ విప్పి మళ్ళీ బిగించడం ఇక్కడ అదే మొదటిసారి అన్నది కూడా గుర్తుంచుకోవాలి. తర్వాత సింధువీర్ రిఫిట్ ఇక్కడే అయ్యి 2020లో మయన్మార్ నేవీకి వెళ్ళింది. ఆ 9 ఏళ్ళలో ఎక్కడెక్కడ ఇరుక్కున్నారో, ఎలా బయటపడ్డారో ఆ ఫిట్టర్లూ వెల్డర్లూ చెప్తేనే తెలుస్తది, వాళ్ళు రిటైరైపోతే ఆ పాఠం కూడా వాళ్ళతోనే పోతుంది. మొత్తం అంతా మళ్ళీ మొదటినుంచీ, మళ్ళీ అదే డబ్బు, మళ్ళీ అదే ఆలస్యం.

కొందరు అంటారు, యార్డు 2010 నుంచి రక్షణ శాఖ కింద ఉంది, అక్కడివన్నీ సీక్రెట్లు, బయట ఎలా చూపిస్తారు అని. అరిహంత్, అరిఘాత్ లాంటి అణు సబ్‌మెరైన్ల జోలికి ఎవరూ వెళ్ళమనట్లేదండి, వెళ్ళకూడదు కూడా. 1950ల నాటి సరుకు ఓడ రివిట్ ఎలా కొట్టారన్నది ఏం సీక్రెట్? లాఫ్ట్ నేల, చెక్క టెంప్లేట్లు, పాత డ్రాయింగులు, ఓడల చిన్న మోడళ్ళు, రివిట్ గన్ను, సుత్తి, పటకారు, వీటితో దేశ భద్రతకి ఏమవుతుంది? జపాన్‌లో నాగసాకి దగ్గర మిత్సుబిషి వాళ్ళు, వాళ్ళూ యుద్ధనౌకలు కట్టేవాళ్ళే, 1898లో కట్టిన పాత ప్యాటర్న్ షాపునే (పోత పోయడానికి చెక్క నమూనాలు చేసే షెడ్డునే) 1985లో మ్యూజియం చేశారు. స్కాట్లండ్‌లో డంబార్టన్ అన్న ఊళ్ళో డెన్నీ కంపెనీ యార్డు మూతబడి దశాబ్దాలైంది, కానీ ఓడల మైనపు మోడళ్ళని నీళ్ళలో లాగి పరీక్షించే 1883 నాటి వాళ్ళ ట్యాంకుని అలాగే కాపాడుకుని జనానికి చూపిస్తున్నారు. మన వైజాగ్‌లో నేవీ కోసం పరిశోధన చేసే ఎన్ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల టోయింగ్ ట్యాంక్ ఉంది, దాని లోపలికి అందర్నీ పంపమని కాదు, ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూపించే చిన్న తొట్టి, అందులో లాగే ఒక మోడల్ పెడితే చాలు, పిల్లలు గంటసేపు కదలరు.

ఇది వైజాగ్ ఒక్కదాని గొడవ కాదు కూడా. శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది, మన నేవీ సబ్‌మెరైన్ ట్రైనింగ్ స్కూలుకి ఐఎన్ఎస్ శాతవాహన అని పేరు పెట్టింది, అదీ వైజాగ్‌లోనే. 1600ల్లో నరసాపురం, మాధవాయిపాలెం దగ్గర డచ్చి వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ ఓడలు కట్టించుకునేవాళ్ళు, గోదావరి మీద తేలుకుంటూ వచ్చిన టేకు దుంగలు, చుట్టుపక్కల దొరికే ఇనుము, ఇక్కడి కమ్మర్లూ వడ్రంగులూ. కోరంగి ఈ తీరంలో పెద్ద ఓడల కేంద్రం, 1789లో ఒకసారి, 1839 నవంబర్లో ఇంకోసారి ఉప్పెన ముంచేసింది, తర్వాత ఏరు మేట వేసింది, వ్యాపారం కాకినాడకి పోయింది. అయినా కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క ఓడలు కట్టే పనితనం ఆ తర్వాతా బతికింది. పలకల సందుల్లో దూది, నార కూరి గుగ్గిలం నూనె పూసే పని, కాగితం మీద గీత లేకుండా కంటి కొలతతోనే పక్కటెముకలు నిలబెట్టే పని. ఆ మేస్త్రీల్లో పని తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలారో వెంటనే వెతికి వాళ్ళ మాటలు కూడా వీడియో తియ్యాలి, ఇనప ఓడల వాళ్ళకన్నా ముందు వాళ్ళే కనుమరుగవుతారు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డ్‌లో 70 టన్నుల క్రేన్ టెస్టింగ్ చేస్తుండగా కూలిపోయి 11 మంది చనిపోయారు, అందులో కాంట్రాక్ట్ ఏజెన్సీల వాళ్ళు కూడా ఉన్నారు. ఓడ దింపేటప్పుడు కొబ్బరికాయ కొట్టినవాళ్ళ పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి. ఓడ కడుతూ, యార్డులో పనిచేస్తూ ప్రాణం పోయినవాళ్ళ పేర్లు 1941 నుంచి ఇప్పటి దాకా ఉన్నవన్నీ, పర్మినెంటా కాంట్రాక్టా అని చూడకుండా, ఆ హాల్లో గోడ మీద రాయాలి. ఇది నా గట్టి కోరిక.

అడుగుతున్నది పెద్దదేం కాదు. కురుసుర పక్కనో, సింధియా వైపు ఖాళీ షెడ్డేదైనా ఉంటే అక్కడో, ఒక హాలు. వీఎంఆర్డీఏ, షిప్‌యార్డ్, పోర్టు, నేవీ, ఆంధ్రా యూనివర్సిటీ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ అందరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఒక గదిలో కూర్చుంటే తేలిపోయే పని. జల ఉష మోడల్ పెద్దది ఒకటి మధ్యలో. ఒక మూల లాఫ్ట్ నేల ముక్క, పిల్లలే చెక్క బద్ద వంచి గీత గీసుకునేలా. ఒక మూల రివిట్ జాయింట్, వెల్డ్ జాయింట్ కోసి లోపల కనపడేలా. కురుసురలో లాగానే గైడ్లుగా రిటైరైన ప్లేటర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, వాళ్ళకి గౌరవంగా జీతం ఇచ్చి. దానికంటే ముందు, హాలు కట్టేలోపే, ఈ ఏడాదే, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చెయ్యాలి. కెమెరా అక్కర్లేదు ఫోన్ చాలు, ప్రశ్నలు అడగడం తెలిసినవాళ్ళు కావాలి, యూనివర్సిటీ పిల్లలకి ప్రాజెక్టుగా ఇస్తే ఇట్టే అయిపోద్ది. శ్రీకాకుళం వైపు నుంచి మా దగ్గర వెల్డింగ్ నేర్చుకుని సింగపూర్, గల్ఫ్ యార్డులకి వెళ్ళిన కుర్రాళ్ళున్నారు, వాళ్ళు అక్కడ చూసిన కొత్త పద్ధతులు కూడా ఇందులో చేరాలి. ఆ 69,725 కోట్లలో ట్రైనింగ్‌కీ స్కిల్స్‌కీ కేటాయించే డబ్బులోంచి దీనికి ఇవ్వడానికి అడ్డేంటో నాకైతే అర్థం కాలేదు, పాత పని రికార్డు చెయ్యడం ట్రైనింగ్ కాకపోతే ఇంకేది ట్రైనింగు?

ఎడిటర్ గారూ, మీరు చెయ్యగలిగింది కూడా ఒకటుంది. మార్చి 14 జల ఉష దిగిన రోజు. ఆ రోజుకి మీ వైజాగ్ ఎడిషన్లో ఒక పేజీ కేటాయించి, అంతకి నెల ముందే, షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు తమ దగ్గరున్న ఫోటోలు, పాత పాసులు, పనిముట్లు, జ్ఞాపకాలు పంపమని ఒక ప్రకటన వెయ్యండి. మా నాన్నగారి రివిట్ సుత్తి, ఆయన చేతిరాతలో ఉన్న వెల్డింగ్ నోట్ పుస్తకం రెండూ మీ ఆఫీసుకి తెచ్చిస్తాను, హాలు కట్టినరోజు అందులో పెట్టుకోమని ముందే చెప్తున్నాను. మా ఐటీఐ పిల్లలు కూడా ఆదివారాలు ఇళ్ళకి వెళ్ళి రికార్డింగ్ చెయ్యడానికి రెడీగా ఉన్నారు, ఎవరి ఇంటికి వెళ్ళాలో చెప్తే చాలు.

ఇట్లు
ఒక ఐటీఐ వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్,
మల్కాపురం, విశాఖపట్నం